ఆపరేషన్‌కి ముందు బ్లేడు పట్టకండి

యాంకర్: తెనాలి నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆ, తగ్గించానండి. నమస్తే డాక్టర్ గారూ. వచ్చే వారం మా అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్. షుగర్ ఉందండి. మా పక్కింటావిడకి ఇదే ఆపరేషనయ్యాక చీము పట్టి మళ్లీ కోశారు. ఇప్పట్నుంచే యాంటీబయాటిక్ వేస్తే మంచిదాండి?

డాక్టర్: వద్దమ్మా. ఆ మందుకి టైమే ముఖ్యం. సెఫజోలిన్ లాంటిది కోతకి ముందు గంటలోపు నరానికి ఎక్కిస్తారు. కత్తి పెట్టేసరికి మందు కండలో ఉండాలి, అంతే. కుట్లు పడ్డాక రోజుల తరబడి పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మనవాళ్లకేమో డిశ్చార్జిలో యాంటీబయాటిక్ రాయకపోతే వైద్యమే జరగనట్టు! సరే, మూడు నెలల సగటు షుగర్, అదే HbA1c టెస్టు, ఎంతుంది?

కాలర్: తొమ్మిది పైనేనండి.

డాక్టర్: అది మీ సర్జన్ గారికి తెలుసా? 8 దాటితే వాయిదా వేసే సర్జన్లు చాలామందే ఉన్నారు. రేపే అడగండి. పుచ్చుపన్ను, గోరుచుట్టు, పుండు పడ్డ కాళ్ల పగుళ్లు... ఏమున్నా దాచకుండా చెప్పండి. అక్కడి క్రిమి రక్తంలో పడి కొత్త కీలు దగ్గర తిష్ఠ వేయొచ్చు.

కాలర్: శుభ్రంగా ఉంటుందని మా తమ్ముడు కాలికి షేవింగ్ చేస్తానంటున్నాడండి.

డాక్టర్: అయ్యో, బ్లేడు పట్టనివ్వకండి! కంటికి కనపడని గాట్లు పడతాయి, తెల్లారేసరికి వాటిలో క్రిములు పెరుగుతాయి. అవసరమైతే ఆస్పత్రిలోనే ట్రిమ్మర్‌తో తీస్తారు. ముందురోజు సబ్బుతో స్నానం చేయించండి, చాలు.

కాలర్: ఇంకోటండి... నర్సమ్మని చేతులు శుభ్రం చేసుకోమంటే ఏమైనా అనుకుంటారాండి?

డాక్టర్: అనుకోనివ్వండి. నన్నైనా అడగొచ్చు. చేతికి గ్లవుజులున్నాయి కదా అని ఊరుకోకండి, అవే గ్లవుజులతో పక్క మంచం దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చు. శానిటైజర్ రుద్దడానికి 20, 30 సెకన్లు చాలు. మూత్రం పైపు ఉంటే ఎప్పుడు తీస్తారని రోజూ అడగండి. సూది పెట్టినచోట ఎర్రబడినా, నొప్పెట్టినా వెంటనే చెప్పండి. లోపల ఇంప్లాంట్, అంటే ఆ కొత్త కీలు, ఉంటుంది కాబట్టి 90 రోజుల దాకా ఆ మోకాలి మీద కన్నేసి ఉంచాలి.

యాంకర్: సిద్దిపేట నుంచి ఇంకో కాలర్. చెప్పండి సార్.

కాలర్: నమస్తే సార్. మా ఇంట్లామెకు కాన్పుకు పెద్దాపరేషన్ అయి పది దినాలైంది. కుట్ల కాడ జర తడి అస్తున్నది. మా అమ్మ పసుపు పెడ్తున్నది.

డాక్టర్: నీళ్లలా ఉందా, చిక్కగా ఉందా?

కాలర్: చిక్కగనే ఉన్నది సార్. వాసన గూడ అస్తున్నది. రాత్రి ఒళ్లు కాలింది.

డాక్టర్: పసుపు ఆపేయండి. దాన్ని కూరలో వేసుకోండి, కుట్ల మీద కాదు. మెడికల్ షాపులో గోలీలు కొని వేయకండి. ముందు ఆ చీము టెస్టుకి పంపితేనే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. బిడ్డకి పాలు ఆపక్కర్లేదు.

కాలర్: సోమారం చూపిస్త సార్, అప్పుడు రమ్మన్నరు.

డాక్టర్: సోమవారం దాకా ఆగొద్దు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే ఇవాళే తీసుకెళ్లండి, డాక్టర్ లేకపోతే క్యాజువాలిటీలో చూపించండి. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకోండి. ఇక ఫోన్ పెట్టేసి బండి తీయండి నాయనా.