మీ ఊరి చెరువు పటంలో ఉందా?

అందరికీ నమస్తే. ఏ యాప్ మంచిది, ఏది చెడ్డది అనే జాబితా నేను చదవను, అలాంటివి మీ ఫోన్లలో కావలసినన్ని ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. ఉచితంగా దొరికే ఈ పటాలను, నిఘంటువులను మన ఊరి మీద పెట్టి పరీక్షించండి, తప్పుంటే మీరే దిద్దండి.

ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరవండి. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన పటం ఇది, ఖాతా తెరిచిన ఎవరైనా మార్చవచ్చు. హైవేలు, పట్టణాలు బాగానే ఉంటాయి, లోపలి ఊళ్లకు పోయేకొద్దీ పలచబడుతుంది. శాటిలైట్ ఫోటో చూసి చెరువు గట్టు ఎవరైనా గీస్తారు, ఎక్కడో లండన్‌లో కూర్చుని కూడా గీస్తారు, కానీ ఆ చెరువును ఊళ్లో ఏమని పిలుస్తారో, మత్తడి ఎటువైపో, బొడ్రాయి ఏ గల్లీలో ఉందో వాళ్లకెట్లా తెలుస్తుంది? అది మీరు ఎక్కించాలి. తెలుగు పేరుకు వేరే గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. ఇంకో మాట, గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇక్కడికి ఎత్తి రాయొద్దు, కాపీరైట్ చిక్కు. తిరిగి చూసింది, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నది రాయండి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లు ఈ పటాన్నే వాడతాయి, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తాయి. మన్ననూరు దాటి నల్లమలలోకి పోయేవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైంది కోపర్నికస్ బ్రౌజర్. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసే ఫోటోలు, సుమారు ఐదు రోజులకోసారి, 2015 నుంచీ ఉన్నవి, అందులో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఫోటోలో ఒక్కో చుక్క పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అంటే వంద చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఒక గుంట! ఎకరం పొలమంటే నలభై చుక్కలన్నమాట. రంగులు మార్చి చూపే ఫాల్స్ కలర్ పెడితే పచ్చని పైరు ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి. వానాకాలంలో మబ్బులే ఎక్కువ కాబట్టి దసరా తర్వాతి ఫోటోలు తీసుకుని, ఏటా అదే నెలవి పక్కపక్కన పెట్టి మీ చెరువు నీళ్లు ఎంతవరకు వచ్చాయో, శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, పైరు ఎక్కడిదాకా ఉందో చూడండి. అయితే నీళ్లు తగ్గాయి కదా అని వెంటనే కబ్జా అని వాట్సాప్‌లో పెట్టకండి, ఆ ఏడు వానే సరిగా పడకపోయి ఉండొచ్చు, కాలువ నీళ్లు రాకపోయి ఉండొచ్చు. ఇక గుంటంత చుక్కతో పొలం గట్టు తగాదా తెగదు, దానికి సర్వేయర్ రావాల్సిందే.

మాటల సంగతికొస్తే ఆంధ్రభారతి సైటు ఉంది, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు సహా చాలా వాటిలో ఒకేసారి వెతకొచ్చు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు తెలుగు వికీపీడియా ఊరి పేజీలు చూస్తారు, మంచిదే, కానీ జనాభా చాలా చోట్ల 2011 లెక్కే. 2016లో కోదాడ సూర్యాపేట జిల్లాకు, చౌటుప్పల్ యాదాద్రికి పోయాయి, 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది. ఇంటర్నెట్‌లో పాత జిల్లా పేర్లతో ఉన్న పేజీలు ఇంకా తగులుతూనే ఉంటాయి, అలాంటిది వికీపీడియాలో కనిపిస్తే పైన సవరించు అని ఉంటుంది, నొక్కండి. అయితే ఆధారం చూపకుండా మార్చితే వేరేవాళ్లు వెనక్కి తిప్పేస్తారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి, పటం దిద్దడం ఫోన్లో కంటే దాంట్లో సులువు. మిగతావాళ్లు ఇద్దరేసి ఒక్కో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోండి, ఒకే మండలం వాళ్లయితే ఇంకా మంచిది.