తెల్లవారుజాము రెండింటికి లేచి రాసిన ఆక్టేవియా బట్లర్

అందరికీ నమస్కారం. సైన్స్ ఫిక్షన్ రచయిత అనగానే మనకో ఊహ ఉంటుంది. పెద్ద గది, గోడ నిండా పుస్తకాలు, ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటే ఐడియాలు వాటంతటవే వచ్చి వాలతాయని. ఇవాళ నేను చెప్పబోయే ఆవిడ చాలా ఏళ్లు తెల్లవారుజాము రెండు గంటలకి లేచి రాసేవారు. ఎందుకంటే తెల్లారితే డ్యూటీకి పోవాలి!

ఆవిడ పేరు ఆక్టేవియా బట్లర్. 1947లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆవిడ చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇళ్లలో పని చేసి పెంచింది. ఆ సంపాదనలోనే, పదేళ్ల కూతురు పట్టుబడితే, టైప్‌రైటర్ కొనిపెట్టింది. అంత చేసినా ఆ తల్లి కోరిక మాత్రం కూతురు ఏ ఆఫీసులోనో సెక్రటరీగా కుదురుకోవాలని. ఏ అమ్మైనా అదే కోరుకుంటుంది కదండీ, నీడపట్టున ఉద్యోగం, నెలనెలా జీతం.

ఈవిడ మాత్రం ఒప్పుకోలేదు. గిన్నెలు కడిగారు. ఫోన్లో సరుకులు అమ్మే పని చేశారు. ఆలూ చిప్స్ ఫ్యాక్టరీలో బాగాలేని చిప్స్ ఏరేసే పనీ చేశారు. పాపం, ఇంకేమీ దొరక్క చేశారని మనం జాలిపడతాం. అది సగమే నిజం. సెక్రటరీ ఉద్యోగమైతే రోజంతా బుర్ర అక్కడే పెట్టాలి. చిప్స్ ఏరుతుంటే చేతులు వాటి పని అవి చేస్తాయి, బుర్ర కథలో ఉంటుంది. జీతం తక్కువైనా సరే, ఆవిడకి ముఖ్యం అదే. నన్నడిగితే ఆవిడ జీవితంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే.

1970లో క్లారియన్ అనే రచయితల వర్క్‌షాప్‌కి వెళ్లారు. అక్కడుండగానే రెండు కథలు అమ్ముడయ్యాయి. ఇంకేముంది, దారిలో పడ్డట్టే అనుకుంటాం. ఆ తర్వాత ఐదేళ్లు ఒక్క కథ కూడా అమ్ముడుపోలేదు! మొదటి నవల వచ్చేసరికి 1976 అయింది. మధ్యలో అంతా ఆ రెండు గంటల అలారమే.

ఆవిడకి డ్రైవింగ్ రాదు. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉండేది. లాస్ ఏంజెలెస్‌లో కారు లేకుండా బతకడమంటే ఏమిటో అక్కడున్న మనవాళ్లని అడగండి. ఎక్కడికెళ్లినా బస్సే. ఆ బస్సులో కనబడే మనుషుల్ని చూస్తూ, నోట్‌బుక్కులో రాసుకుంటూ వెళ్లేవారు. 1979లో వచ్చిన ‘కిండ్రెడ్’ నవలలో ఈ కాలపు నల్లజాతి అమ్మాయి ఒకతె ఉన్నట్టుండి బానిసత్వపు రోజుల్లోకి వెళ్లిపడుతుంది. దాని కోసం అమెరికా అవతలి చివరనున్న మేరీలాండ్ దాకా కూడా బస్సులోనే వెళ్లారు. ఆ దగ్గర్లోనే ఉన్న జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్ చూడబోతే, అక్కడి గైడ్లు బానిసలు అనకుండా ‘సర్వెంట్లు’ అంటున్నారట. ఇంట్లో కూర్చుని వంద పుస్తకాలు తిరగేసినా ఇలాంటి ముక్క దొరకదు.

ఆవిడ నోట్‌బుక్కులు ఇప్పుడు పాసడీనా పక్కనే శాన్ మరీనోలో, హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. ఖర్చుల లెక్కలు, కథల ముక్కలు, తనకి తాను వేసుకున్న ఆర్డర్లు అన్నీ అందులోనే. 1988లో ఒక నోట్‌బుక్కు మీద, నా పుస్తకాలు బెస్ట్‌సెల్లర్ లిస్టుల్లోకి ఎక్కుతాయి అని గట్టిగా రాసుకున్నారు. 1993 నాటి ఆవిడ నవల ఒకటి 2020లో న్యూయార్క్ టైమ్స్ లిస్టులోకి ఎక్కింది. అప్పటికి ఆవిడ పోయి పద్నాలుగేళ్లు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, ప్రతిభావంతులకి ఏ షరతులూ లేకుండా అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి. 2,95,000 డాలర్లు! సైన్స్ ఫిక్షన్ రచయితల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆవిడే. చిప్స్ ఏరే రోజులు అప్పటికే పోయాయి, ఇక డబ్బు బెంగ కూడా అక్కర్లేదు. రోజంతా ఆవిడదే. 1999లో సియాటిల్ వైపు వెళ్లి స్థిరపడ్డారు. అక్కడే పెన్ను ఆగిపోయింది. అంతకుముందు రాసిన రెండు నవలలకి కొనసాగింపుగా మూడోది మొదలుపెట్టడం, కొంత దూరం రాయడం, పక్కన పడేయడం. మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం. బీపీ మందులు మనసునీ ఒంటినీ కుంగదీశాయని ఆవిడే చెప్పుకున్నారు. ఇన్‌స్పిరేషన్‌ని నమ్ముకోవద్దు, అలవాటుని నమ్ముకోండి అని కొత్త రచయితలకి చెప్పిన మనిషి ఆవిడే. అలవాటూ ఉంది, టైమూ ఉంది, డబ్బూ ఉంది, అయినా పుస్తకం కదల్లేదు.

చివరికి ఆ నవల పక్కన పెట్టి, సరదాకి రక్తపిశాచుల కథ ఒకటి రాయడం మొదలుపెట్టారు. అది మాత్రం పూర్తయింది, 2005లో అచ్చయింది కూడా. మరుసటి ఏడాదే ఆవిడ పోయారు. ఆ మూడో నవల మాత్రం ఎన్నో ఆరంభాలుగానే ఆగిపోయి, హంటింగ్టన్ పెట్టెల్లో ఉంది.