బోరులో నూనె: ఎండకు పుట్టిందా, మోటారు కార్చిందా?

(కడప స్టూడియోలో జరిగిన చర్చ. అందరూ ఒకేసారి అరిచిన చోట వినపడినంతే రాశాం.)

యాంకర్: బోరు నీళ్ల బకెట్‌లో నూనె తెట్టు తేలిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎండలు ముదిరి సీమ కింద పెట్రోలు తయారవుతోందట. నిజమైతే జిల్లాకు రాయల్టీ ఎంత?

లెక్చరర్: ముందు తయారవుతుందా అనేది...

నాయకుడు: ఉండండి సార్. గ్యాస్ కృష్ణా గోదావరోళ్లది, ఎండ మాది! ఈ వేడంతా యాడికి పోతాంది? భూమిలోకే గదా?

లెక్చరర్: ఎండాకాలం వేడి పది పదిహేను మీటర్లు దిగేసరికే చల్లారిపోతుంది. నూనె ఉడికేది రెండు మూడు కిలోమీటర్ల కింద, 60 నుంచి 120 డిగ్రీల మధ్య. అది భూమి లోపలి వేడి. కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు పెరుగుతూ...

నాయకుడు: పెరుగుతాందని మీరే అన్నారు!

లెక్చరర్: లోతుకు పోయేకొద్దీ అయ్యా, ఏడాదికేడాది కాదు. పైన ఒక డిగ్రీ పెరిగి లక్షల ఏళ్లు అలాగే ఉన్నా, నూనె తయారయ్యే పొర 30, 40 మీటర్లు పైకి జరుగుతుంది, అంతే.

నాయకుడు: జరుగుతుంది! రాసుకోండి.

యాంకర్: మరి రాయల్టీ?

లెక్చరర్: అది రాష్ట్రానికి పోతుందండీ, జిల్లాకు కాదు.

బోరు మెకానిక్: నాకో నిమిషమియ్యండి. ఆయిల్ మోటార్లుంటాయి సార్. సీలు పోతే లోపలి నూనె బోరులోకి కారుతుంది. నీళ్ల మీద రంగురంగులుగా...

నాయకుడు: మోటారు సంగతి ఇడిచిపెట్టప్పా. వెయ్యి అడుగులేసినా నీళ్లు పడట్లేదు, గాలేరు నగరి కాలువ ఏమైంది?

(ఆరు నిమిషాలు గాలేరు నగరి మీదే.)

యాంకర్: మళ్లీ రాయల్టీకొద్దాం. వేడికీ నూనెకూ సంబంధమే లేదా సార్?

లెక్చరర్: లేదనను. తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట భూమి బాగా వేడెక్కినప్పుడు సముద్రాల అడుగున ఆక్సిజన్ తగ్గింది. నాచు కుళ్లకుండా బురదలో పూడిపోయింది. తర్వాత చాలా చోట్ల చమురుకు అదే ముడిసరుకు. మన కడప రాళ్లలో 180 కోట్ల ఏళ్లు దాటినవున్నాయి, ఆ కథే వేరు...

నాయకుడు: విన్నారా! వేడికే నూనె! సారే ఒప్పుకున్నాడు.

లెక్చరర్: సముద్రం అన్నానయ్యా, సముద్రం!

యాంకర్: అంటే చాన్స్ ఉందన్నమాట. చిన్న బ్రేక్.

(బ్రేక్ తర్వాత టైమంతా నాయకుడిదే. కింద స్క్రోలింగ్: "సీమలో చమురుకు చాన్స్: నిపుణుడు".)

బోరు మెకానిక్: ఇంతకీ ఆ మోటారు పైకి లాగి చూసినారా?

యాంకర్: టైమ్ అయిపోయిందండీ.