తేమకి గట్టిపడే మాత్ర

శ్రోతలకు నమస్కారం. మన బరంపురంలో వేయించిన అప్పడాన్ని ఓ గంట మూత లేకుండా వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి గాలి తగిలిందంటే మెత్తబడి సాగుతుంది. తేమ తగిలితే ఏదైనా మెత్తబడాలి, అది మనందరి లెక్క. కానీ తేమ తగిలితే గట్టిపడే మాత్ర ఒకటుంది. దాని సంగతికి వస్తాను, ముందు ఇంకో కథ.

మన పట్టు నేసేవాళ్ళ వీధుల్లో చూస్తాం కదా, అదే నూలు, అదే మగ్గం, బిగించి నేస్తే ఒక గుడ్డ, వదులుగా నేస్తే ఇంకో గుడ్డ. మందు కూడా అంతే. మాత్రలో ఉండే మందు చాలాసార్లు సన్నటి స్ఫటికాలుగా, అంటే కలకండ పలుకుల్లాగా ఉంటుంది. ఆ పలుకులో అణువులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకునే తీరు ఒకటే ఉండాలని లేదు. అదే మందు, వేరే పేర్పు. వదులు పేర్పు తొందరగా కరుగుతుంది, బిగువు పేర్పు కరగనని మొండికేస్తుంది. కరగని మందు రక్తంలోకి ఎక్కదు, మింగినా మింగనట్టే. అలాగని వదులుదే మంచిదని అనుకోకండి, అది నిలకడ లేనిది, సందు దొరికితే బిగువు పేర్పులోకి మారిపోవాలని చూస్తుంది. కరగాలి, నిలవాలి కూడా. మందు తయారుచేసేవాళ్ళ తిప్పలన్నీ ఈ రెండిటి మధ్యే.

ఇప్పుడు కథ. రిటోనావిర్ అని హెచ్‌ఐవీ మందు. అమెరికాలో అబాట్ కంపెనీది, 1996లో అనుమతి వచ్చింది. అప్పటికి వాళ్ళకి తెలిసిన స్ఫటికం ఒక్కటే, మందుని ద్రావణంలో కలిపి క్యాప్సూల్లో నింపారు. రెండేళ్ళు బాగానే నడిచింది. 1998లో ఉన్నట్టుండి కొన్ని బ్యాచ్‌లు కరిగే పరీక్షలో తప్పడం మొదలైంది. తెరిచి చూస్తే లోపల కొత్త పలుకులు! అదే మందు, అంతకు ముందు ఎవరూ చూడని పేర్పు, పాతదానికంటే బిగువైనది, చాలా తక్కువగా కరిగేది. పాలల్లో తోడు చుక్క పడ్డాక ఏమవుతుంది? ఇక్కడా అదే, కొత్త పలుకు కంటికి కనిపించనంత నలుసు పడినా మిగతా మందంతా దాని దారే పట్టింది. సంగతి కనుక్కుందామని శాస్త్రవేత్తలు ఇటలీలో ముడి మందు తయారయ్యే ఫ్యాక్టరీకి వెళ్ళారు, వాళ్ళు వెళ్ళొచ్చాక అక్కడా ఆ కొత్త పలుకే కనిపించింది. బట్టల మీదో చేతుల మీదో వెళ్ళిందేమో అని అనుకున్నారు. చివరికి క్యాప్సూళ్ళు ఆపేయాల్సి వచ్చింది.

నాకు ఈ కథలో కంపెనీ కష్టం కంటే ఆ రోగులే ఎక్కువ గుర్తొస్తారు. ప్రాణం నిలబెట్టే మందు, ఒక్క పూట తప్పకూడదు. క్యాప్సూల్ లేదు, రుచికి భరించలేని ద్రవం తాగాలి. 1999లో ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మెత్తటి క్యాప్సూల్ వచ్చింది. 2010లో, మందుని అసలు పేర్పే కట్టకుండా పాలిమర్లో, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో, కలిపి బంధించి, ఫ్రిజ్ అక్కర్లేని టాబ్లెట్ చేశారు. ఇవాళ హెచ్‌ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ సెంటర్లలో రెండో వరుస మందుల్లో, అంటే మొదట ఇచ్చినవి పనిచేయనప్పుడు ఇచ్చేవాటిల్లో, రిటోనావిర్ ఉంటుంది. కోవిడ్ కోసం వచ్చిన పాక్స్‌లోవిడ్ ప్యాకెట్లోనూ అదే ఉంది.

ఇక గట్టిపడే మాత్ర. కార్బమజెపైన్, మూర్ఛకి, అంటే ఫిట్స్‌కి, వాడేది. దీని స్ఫటికం గాల్లోని నీటిని తనలో కలుపుకుని ఇంకో స్ఫటికంగా మారుతుంది. మాత్ర గట్టిపడుతుంది, సరిగా కరగదు. పైకి చూస్తే తేడా తెలియకపోవచ్చు. తేమ పట్టిన మాత్రలు వాడినవాళ్ళకి మూర్ఛ తిరగబెట్టిన సందర్భాలు అమెరికాలో 1980ల చివర్లో నమోదయ్యాయి.

మా పెద్దత్త కూడా ఇదే మాత్ర వేసుకునేది. స్ట్రిప్ చింపడం చేతకాదని, నెలకి సరిపడా మాత్రలన్నీ ఒకేసారి తీసి గాజు సీసాలో పోసి గంజి వార్చే పొయ్యి పక్కన గూట్లో పెట్టేది. ఒక వానాకాలం, రెండేళ్ళుగా రాని ఫిట్స్ వచ్చాయి. మాత్రల వల్లే అని నేను ఖాయంగా అనలేను, కానీ డాక్టరు గారు ఆ సీసా తెప్పించి చూసి, "ఇవి పారేయండమ్మా, స్ట్రిప్‌లోవే వేసుకోండి" అన్నారు.

అమ్మా, అయ్యా, నేను అడిగేది ఇదొక్కటే. మాత్ర వేసుకునే నిమిషం దాకా స్ట్రిప్‌లోనే ఉండనివ్వండి. డబ్బాలో వచ్చిన మందుని ఆ డబ్బాలోనే ఉంచి, మూత బిగించండి, లోపల చిన్న పొట్లం ఉంటే పారేయకండి, అది తేమ పీల్చడానికే పెడతారు. స్నానాల గది వద్దు, పొయ్యి పక్క వద్దు, వాన జల్లు పడే కిటికీ గట్టు అసలే వద్దు. మూర్ఛ మందు విషయంలో అనుమానం వస్తే మీకు మీరే మానేయకండి, మందుల షాపులో ఫార్మసిస్టుకి చూపించి కొత్తది తీసుకోండి, డాక్టరుకి ఒక మాట చెప్పండి.

మా అత్తకి ఇప్పుడు స్ట్రిప్ చింపి ఇచ్చేది మనవరాలు. రోజూ రాత్రి ఎనిమిదింటికి, ఒక్కటే మాత్ర. ఆ సీసాలో వడియాలు పోసుకున్నారు.