విప్పడానికి వీలుగా కుట్టడం: నాటక దుస్తుల షాపులో నా వేసవి ఇంటర్న్‌షిప్, రివ్యూ

నమస్కారం. ముందు ఈ జాకెట్టు చూడండి. (లోపలి వైపు తిప్పి కెమెరాకు చూపిస్తూ) మా పెద్దమ్మ కుట్టింది. పక్క కుట్టు దగ్గర మూడు వరుసలు కనిపిస్తున్నాయి కదా? ఒంటికి దగ్గరగా ఉన్న వరుస విప్పితే కాస్త వదులవుతుంది. రెండోది విప్పితే ఇంకాస్త. పెళ్లికి కుట్టించుకున్నది సీమంతానికీ పట్టాలని మన టైలర్లు చేసే ఏర్పాటు ఇది. అమెరికాలో ఒక నాటక సంస్థ దుస్తుల షాపులో పన్నెండు వారాలు పనిచేసి నేను నేర్చుకున్నది చాలావరకు ఈ మూడు వరుసల్లోనే ఉంది. అయితే ఆ సంగతి నాకు అక్కడికి వెళ్లాక, అదీ చీవాట్లు తిన్నాక తెలిసింది కాబట్టి, మీకూ కాస్త ఆలస్యంగానే చెబుతాను.

షాపు అంటే అమ్మే దుకాణం అనుకోకండి. నాటకానికి కావలసిన బట్టలు కత్తిరించి, కుట్టి, రంగు వేసి, సరిచేసే కార్ఖానాను అక్కడ అలా అంటారు. నేను కాస్ట్యూమ్ టెక్నాలజీ చదువుతున్నాను. మొదటి సంవత్సరం పూర్తయ్యాక మే చివర నుంచి ఆగస్టు దాకా వేసవి నాటకోత్సవం జరిపే ఒక సంస్థలో కుట్టుపనికి తీసుకున్నారు. అమెరికాలో ఇలాంటి వేసవి సంస్థలు చాలా ఉన్నాయి. ఆరెగాన్‌లోని ఆష్‌లాండ్‌లో 1935 నుంచి షేక్‌స్పియర్ ఉత్సవం జరుగుతోంది. యూటాలోని సీడర్ సిటీలో మరొకటి ఉంది. న్యూ మెక్సికోలోని శాంటా ఫే ఆపెరా 1957లో మొదలైంది, అక్కడ దుస్తుల పనికి అప్రెంటిస్‌లను తీసుకుంటారు. నేను పనిచేసింది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఏదో చెప్పను, ఎందుకంటే మంచితో పాటు నాలుగు చేదు మాటలు కూడా చెప్పబోతున్నాను.

ముందు అక్కడ ఎవరు ఏ పని చేస్తారో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. డిజైనర్ బొమ్మ గీస్తారు. ఆ బొమ్మను గుడ్డగా మార్చేది డ్రేపర్. మనిషి ఆకారంలో ఉన్న దిమ్మ మీద గుడ్డ వేసి, పిన్నులు గుచ్చి, ఏ ముక్క ఎలా ఉండాలో తేల్చేది ఆవిడే. ఆవిడ తేల్చినదాన్ని అసలు గుడ్డ మీద కత్తిరించేది ఫస్ట్ హ్యాండ్. ఆ ముక్కలు కుట్టేది స్టిచర్. ఇంటర్న్ అంటే స్టిచర్ కన్నా ఒక మెట్టు కింద అన్నమాట. కాఫీ గిన్నె కడగడం కూడా మన ఖాతాలోదే.

మా డ్రేపర్‌కు అరవై దాటాయి. అందరిలాగే నేనూ ఆవిడను పేరు పెట్టి పిలవాలట. నా నోరు తిరగలేదు. రెండు వారాల పాటు ఆవిడను ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి, ఆవిడ తలెత్తేదాకా చూస్తూ ఉండేదాన్ని. ఏదో కోపం మీద ఉన్నాననుకుందట.

ఇప్పుడు మిషన్ల సంగతి. పెద్దమ్మ ఉషా మిషను మన కాలు ఎంత తొక్కితే అంత వేగం. అక్కడి జూకీ పారిశ్రామిక మిషను నిమిషానికి 5,000 కుట్ల దాకా వెళ్తుంది, గుడ్డను నొక్కిపట్టే ఇనుప పాదాన్ని పైకి లేపడానికి మన మోకాలి దగ్గర ఒక మీట ఉంటుంది. మొదటి రోజు పెడల్ మీద కాలు పెట్టగానే గుడ్డ నా చేతిలోంచి జారి అవతలి బల్ల మీద పడింది. మూడు రోజులు చెత్త గుడ్డ మీద గీతలు గీసుకుని సాధన చేయమన్నారు. మీరు వెళ్తే సిగ్గుపడకుండా ఆ మూడు రోజులూ అడిగి తీసుకోండి.

మన టైలర్ దగ్గరికి వెళ్తే మొదటి మాట ఏమిటి? "ఆది జాకెట్టు తెచ్చారా?" అక్కడ ఆది లేదు. టేపు పట్టుకుని నటుల కొలతలు పేజీ నిండా రాస్తారు. భుజం నుంచి భుజానికి, మెడ నుంచి నడుముకు, మోచేయి వంచితే ఎంత, కూర్చుంటే ఎంత. తరువాత కోరా గుడ్డతో మొత్తం దుస్తు ఒకసారి కుట్టేస్తారు. వాళ్లు దాన్ని మస్లిన్ అంటారు కానీ మన చెవికి మస్లిన్ అంటే ఉంగరంలో దూరే నేత గుర్తొస్తుంది, ఇది మాత్రం అచ్చంగా మన కోరా గుడ్డే. దాన్ని నటుడికి తొడిగి, ఎక్కడ లాగుతోందో అక్కడ కత్తెరతో కోసి, ఎక్కడ వేలాడుతోందో అక్కడ పిన్ను గుచ్చి, పెన్నుతో దాని మీదే రాసి, విప్పేసి, ఆ విప్పిన ముక్కలనే నమూనాగా పెట్టి పట్టుగుడ్డ కత్తిరిస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఇంత పని పెట్టుకుని కుట్టింది మళ్లీ ముక్కలు చేయడం పిచ్చి అనిపించింది. అప్పటికి గజం ధర నేను చూడలేదు.

ఆ కొలతల గదిలో ఒక నియమం ఉంది, అది నాకు బాగా నచ్చింది. నటుల ఒంటి గురించి ఒక్క మాట మాట్లాడకూడదు. మన దగ్గర "ఏమ్మా, ఈసారి ఒళ్లు చేశావే" అనకుండా టేపు చుట్టే టైలర్‌ను నేను చూడలేదు. అక్కడ బొత్తాం పట్టకపోతే "ఇక్కడ గుడ్డ తక్కువ పడింది" అంటారు. తప్పు ఎప్పుడూ గుడ్డదే, ఒంటిది కాదు. ఒకసారి నేను నోరు జారబోతే డ్రేపర్ నా చేతిలో పిన్నుల డబ్బా పెట్టి బయటికి పంపేసింది. పిన్నులు అప్పటికే గదిలో ఉన్నాయి.

ఇక మూడు వరుసల కథ. రెండో వారం నాకు ఒక పాత టఫెటా పట్టు బాడీ (గౌను పై భాగం) ఇచ్చి, పక్కలు కుట్టమన్నారు. పెద్దమ్మ శిష్యురాలిని కదా, మూడు వరుసలు చక్కగా వేసి, మెచ్చుకుంటారని పట్టుకెళ్లాను. డ్రేపర్ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, రెండు వరుసలు విప్పమంది. బ్లేడు కాదు, సీమ్ రిప్పర్ అని చిన్న కొక్కెం లాంటి పరికరం ఉంటుంది, దాంతో గంట పట్టింది. విప్పాక దీపం కిందకు తీసుకెళ్లి చూపించింది. టఫెటా మీద సూది గుచ్చిన చోటల్లా చుక్కలు అలాగే ఉండిపోయాయి. రేపు దీన్ని వదులు చేస్తే ఆ చుక్కల వరుస ప్రేక్షకుల వైపు వస్తుంది. నూలు జాకెట్టు ఉతికితే చాలావరకు మాయమయ్యే గుర్తు పట్టు మీద పోదు. వదలాల్సింది గుడ్డ, కుట్టు కాదు.

గుడ్డ మాత్రం ఎంత వదులుతారో! బజారులో దొరికే కుట్టు నమూనాల్లో అంచుకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు వదిలితే, మా షాపులో పక్కలకు ఒక అంగుళం, వీపు మధ్య రెండు అంగుళాలు, కింద మడతకు మూడు. అందుకే ముక్క మీద కత్తిరించే గీత కన్నా కుట్టే గీత ముఖ్యం. కార్బన్ కాగితం పెట్టి, పళ్లచక్రం నడిపి, కుట్టు పడాల్సిన దారిని గుర్తు పెట్టి ఇస్తారు. లైనింగ్ కూడా మనలా విడిగా సంచిలా కుట్టి లోపల తగిలించరు. ప్రతి ముక్క వెనకా నూలు ముక్క పరిచి, చేతి కుట్టుతో అతికించి, రెండింటినీ ఒకే గుడ్డగా కుడతారు. అప్పుడు ఒక్క కుట్టు విప్పితే రెండూ కలిసి తెరుచుకుంటాయి. ఇదంతా ఎందుకంటే ఈ సంవత్సరం రాజు వేసుకున్న కోటు మూడేళ్ల తరువాత ఇంకొక నాటకంలో, ఇంకొక ఒంటికి, సేనాపతి కోటు కావాలి. మా ఊరి తిరునాళ్లలో పద్యనాటకం వేసినప్పుడు అద్దెకు తెచ్చిన మఖమల్ కోటుకు వెనకవైపు నాడాలు ఉండేవి. దుర్యోధనుడు బక్కగా ఉంటే బిగించేవారు, పుష్టిగా ఉంటే వదిలేసేవారు. చిన్నప్పుడు తెర వెనక ఆ నాడాలు చూసి నవ్వుకునేవాళ్లం. సమస్య అక్కడా ఇక్కడా ఒకటే, పరిష్కారానికి పెట్టగలిగిన డబ్బే వేరు.

తొమ్మిదో రోజు ఏం జరిగిందో చెప్పకపోతే ఈ రివ్యూ అబద్ధమవుతుంది. గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషనులో అంచు కోసే కత్తి ఉంటుంది. దుస్తు చెయ్యికి అంచు వేస్తుంటే కింద మడత పడిన జరీ గుడ్డను కూడా అది కోసేసింది. చిటికెన వేలంత రంధ్రం. అలాంటి గుడ్డ ఇంకొక గజం లేదు. ఏడుపు ఒక్కటే తక్కువ. డ్రేపర్ చూసి, మాట్లాడకుండా రంధ్రం మీద ఒక జరీ పట్టీ వేసి, రెండో చేతికి కూడా సరిగ్గా అదే చోట పట్టీ వేయించింది. డ్రెస్ రిహార్సల్ రోజు డిజైనర్ ఆ పట్టీలు బాగున్నాయని మెచ్చుకున్నారు. మేమిద్దరం చాలా శ్రద్ధగా నేల చూశాం.

తెర వెనక తెలివి అంతా త్వరగా మార్చే దుస్తుల్లో ఉంటుంది. ఒక నటి ముప్పై ఐదు సెకన్లలో ఒక గౌను విప్పి ఇంకొకటి వేసుకుని వేదిక మీదికి రావాలి. ముందు కనిపించే పద్దెనిమిది బొత్తాలు ఉత్తుత్తివి. కాజాల మీదే కుట్టేసి, కింద టిచ్ బటన్లు పెడతాం. వెల్క్రో పెడితే సులువే కానీ, నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో తెర వెనక నుంచి చర్రుమని చప్పుడు వస్తుంది. బూట్ల లేసులకు బదులు ఎలాస్టిక్. ఇక చెమట. రోజూ ఉతకలేని కోట్ల చంకల్లో చవక వోడ్కాలో నీళ్లు కలిపి చల్లుతారు, వాసన పోతుంది. ఈ మాట ఫోనులో చెబితే మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నువ్వు కొన్నావా?" అని మాత్రమే అడిగింది.

సరే, చేదు మాటలు. డబ్బు బాగాలేదు. గంటల లెక్క కాదు, వారానికి ఇంత అని ఒకే మొత్తం. మామూలు వారాల్లో సర్దుకోవచ్చు. కానీ నాటకం తెర లేచే ముందు వారం పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి పదకొండుకు బయటపడ్డాం, ఇచ్చింది మాత్రం అంతే. బస ఉచితమే. అయితే ఏసీ లేని హాస్టలు, దగ్గరలో బస్సు లేదు, కారు లేనివాళ్లు కూరగాయలకు కూడా ఎవరో ఒకరిని బతిమాలాలి. రంగుల గదిలో రెండు వారాలు నేర్పిస్తామని పనికి తీసుకుంటూ పంపిన ఉత్తరంలో రాశారు. ఒక్క పూట కూడా అక్కడికి పంపలేదు. ఆ సమయంలో నేను హుక్కులు కుడుతున్నాను. ఎన్ని అంటే, కళ్లు మూసుకున్నా హుక్కులే కనిపించేటన్ని. హుక్కు కుట్టడంలో నేను ఇప్పుడు ఎవరికీ తీసిపోను, నిజమే, కానీ అది ఒక వారంలో వచ్చేసింది. మిగతా రోజులన్నీ చవకగా దొరికిన చెయ్యి, అంతే.

కాబట్టి ఒప్పుకునే ముందు రాతపూర్వకంగా అడగండి. తెర లేచే వారం ఎన్ని గంటలు, అదనపు గంటలకు ఏమిస్తారు, బసకు వంటగది ఉందా, పని చేసిన దుస్తుల ఫొటోలు తీసుకోనిస్తారా. ఆ చివరిది చాలా ముఖ్యం. తరువాతి ఉద్యోగంలో వాళ్లు అడిగేది లోపలి కుట్ల ఫొటోలే. నటులు తొడుక్కుని ఉండగా అనుమతి లేకుండా తీయకూడదు, బల్ల మీద తిప్పి పరిచినప్పుడు తీసుకోండి. ఎఫ్-1 వీసా మీద చదువుతున్నవాళ్లు పని మొదలుపెట్టే ముందే కాలేజీ నుంచి సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే) అనుమతి తెచ్చుకోవాలి, మొదలయ్యాక కాదు. వేసవి ఖాళీలు చలికాలంలోనే ప్రకటిస్తారు, మే నెలలో వెతికితే మిగిలేవి తక్కువ.

నక్షత్రాలు ఇవ్వమంటారా? కుట్టు నేర్చుకోవడానికి ఐదుకు నాలుగున్నర. జేబుకు ఒకటి. డిజైనర్ కావాలని, బొమ్మలు గీసేవాళ్లతో కూర్చోవాలని వెళ్లేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను, ఆ గది తలుపు మీకు తెరుచుకోదు. గుడ్డ లోపల ఏముందో చూడాలని దురద ఉన్నవాళ్లు వెళ్లండి. నేను ఇంకోసారి వెళ్తానా? వెళ్తాను, ఈసారి ఉత్తరం రెండుసార్లు చదివి.

చివరగా ఒక ఫొటో చూపిస్తాను. (తెర మీద ఫొటో) గోదాములోంచి తీసిన పాత ఉన్ని కోటు. మెడ వెనక, లోపలి వైపు చూడండి. నటుడి పేరు, నాటకం, సంవత్సరం రాసిన తెల్లటి పట్టీలు ఒకదాని కింద ఒకటి. పాతవి ఎవరూ తీయరు. పేర్లు కనబడకుండా చెరిపాను, మూడు పాతవి, నాలుగోది నేను కుట్టింది. కుట్టినవాళ్ల పేర్లు మాత్రం అందులో లేవు. ఈ ఫొటో పెద్దమ్మకు పంపి, పట్టీల కథంతా వివరంగా రాశాను. అంతా చదివి, కోటు ముందు వైపు పెద్దది చేసి చూసినట్టుంది, ఫోను చేసింది.

"ఆ కాజాలు చేత్తో కుట్టారా, మిషను మీదా?"

చేత్తోనే పెద్దమ్మా.