ఈ వయసులో ఇంకెందుకులే

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినబడుతోందా? చెవి మిషన్ బీరువాలో పెట్టి వచ్చినవాళ్ళు కాస్త ముందుకు జరగండి, దాని సంగతీ వస్తుంది.

రెండేళ్ళ కిందట నాకు కుడి మోకాలు పట్టేసింది. అరవై అయిదొచ్చాయి, అరిగిపోయి ఉంటుందిలే అనుకుని పొద్దుటి నడక మానేశాను, మానేసేసరికి నొప్పి పెరిగింది, నొప్పి పెరిగిందని మేడ మెట్లు ఎక్కడమూ మానేశాను. ఆరు నెలలకి మా అమ్మాయి పోరు పడలేక ఫిజియోథెరపీకి వెళ్తే, ఆ కుర్రాడు తొడ నొక్కి చూసి, "అంకుల్, కీలు అరిగిన మాట నిజమే గానీ మిమ్మల్ని కూర్చోబెట్టింది ఈ కండ, వాడక నీరసించింది" అన్నాడు.

నొప్పి వయసుదేలే అనుకుని నేను కూర్చుండిపోయాను చూడండి, అలా వయసు గురించి మనం అనుకునేది మన మీద ఎలా పనిచేస్తుందో అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకురాలు బెకా లెవీ పరిశీలించారు. ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో యాభై దాటినవాళ్ళని 1975లో కొన్ని ప్రశ్నలు అడిగి ఉంచారు, వయసు పెరిగేకొద్దీ అన్నీ దిగజారుతున్నాయా, మీరు ఎందుకూ పనికిరాకుండా పోతున్నారా, ఇలాంటివి. ఆ 660 మందిలో ఎవరు ఎన్నాళ్ళు బతికారో లెవీ బృందం లెక్క తీసి 2002లో ప్రచురించింది. ముసలితనాన్ని మంచిగా చూసినవాళ్ళు సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే కదా ధీమాగా జవాబు చెప్పేది అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. అప్పటి ఆరోగ్యం, డబ్బు లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. అయినా ధీమాయే ఆయుష్షు పోసిందని దీంతో రుజువైపోయినట్టు కాదు, అది వేరే మాట.

నాకు ఇంకా నచ్చింది 2004లో వచ్చిన పేపరు. వయసు గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు తర్వాతి ఇరవై ఏళ్ళలో తిండి, వ్యాయామం, డాక్టరు రాసిన మందులు వేళకి వేసుకోవడం, ఇలాంటివి ఎక్కువ శ్రద్ధగా చేశారని అందులో తేలింది. ఇందులో మాయేమీ లేదండీ. నొప్పి వయసుదే అనుకున్నవాడు డాక్టరు దగ్గరికి ఎందుకెళ్తాడు? చెవుడు మామూలే అనుకున్నావిడ మిషన్ ఎందుకు పెట్టుకుంటుంది?

మరి ముదిరాక కండ వస్తుందా? 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ అటూఇటూ ఉన్న పదిమంది చేత, అదీ వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళ చేత, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. చివరిదాకా నిలిచినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైల్లో!

మన ఇళ్ళలో అడ్డం వచ్చేది ప్రేమ. "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తా" అని మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే ఇస్తారు, మనమూ హాయిగా కూర్చుంటాం. కృష్ణా రామా అనుకుంటూ మూలన ఉండడమే పెద్దరికం అని చిన్నప్పటి నుంచీ విన్నాం కదా. అందుకే మా కోడలితో చెప్పేశాను, నా కాఫీ గ్లాసు నేనే కడుక్కుంటానని. వారం రోజులు అలిగింది.

వారానికి కనీసం నూటయాభై నిమిషాలు చురుకైన నడక లాంటి శ్రమ, కనీసం మూడు రోజులు తూలిపడకుండా నిలబడే కసరత్తు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. గుండెజబ్బో తల తిరుగుడో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

మిగతావాళ్ళు ఇప్పుడే, కుర్చీ చేతులు పట్టుకోకుండా ఒక్కసారి లేవండి. మాస్టారూ, మీరు కూడా. పక్కనున్న స్తంభం పట్టుకోకండి మరి.