పెట్రోల్ లెక్క తప్పితే నాస్‌కార్‌లో ఏమవుతుంది?

[తెర మీద: రేసు కారు డ్యాష్‌బోర్డ్, దగ్గర నుంచి]

బండి కొనేటప్పుడు మనం మొదట అడిగేది "మైలేజ్ ఎంతిస్తుంది?" అనే. అదే ప్రశ్న అమెరికాలో నాస్‌కార్ అనే కార్ రేసుల్లో పరిగెత్తే స్టాక్ కారు గురించి అడిగితే, లీటరుకి ఇంచుమించు 2 కిలోమీటర్లు. నవ్వకండి. ఒక్కోసారి ఆ 2 పక్కన పాయింట్ తర్వాత వచ్చే అంకే కప్పు ఎవరిదో తేలుస్తుంది.

ఈ డ్యాష్‌బోర్డ్ చూడండి. ట్యాంకులో ఎంతుందో చెప్పే ముల్లు లేదు. ఫ్యూయల్ ప్రెషర్ మాత్రం కనబడుతుంది. అది పడిపోయిందంటే అప్పటికే పని అయిపోయినట్టే!

మరి ఎలా తెలుస్తుంది? పిట్‌లో, అంటే రేసు మధ్యలో కారు ఆపే చోట, పెట్రోల్ పోశాక క్యాన్‌ను కాటా మీద పెడతారు. పోయకముందు ఉన్న బరువులోంచి మిగిలిన బరువు తీసేస్తే లోపలికి ఎంత వెళ్లిందో తేలుతుంది. దాన్ని కిందటిసారి పోసినప్పటి నుంచి తిరిగిన ల్యాప్‌లతో, అంటే ట్రాక్ చుట్టూ తిరిగిన చుట్లతో, భాగిస్తారు. అంత ఖరీదైన టీము, చివరికి కిరాణా కొట్టు లెక్కే.

[తెర మీద: న్యూ హాంప్‌షైర్ ట్రాక్ మ్యాప్]

ఈ ట్రాక్‌లో ల్యాప్ 1.7 కిలోమీటర్లు. 2011లో ట్యాంకులో పట్టేది 67, 68 లీటర్లు. అంటే ఫుల్ ట్యాంకుతో 80 ల్యాప్‌లు. ఇంకా 82 తిరగాల్సి ఉంటే? పిట్‌కి వెళ్తే వెనకబడిపోతారు. అందుకే డ్రైవర్ మలుపు రాకముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి కారును దానంతట దాన్ని పోనిస్తాడు. ముందున్న కారు వెనక దూరి గాలి దెబ్బ తప్పించుకుంటాడు. ట్రాక్ మీద ప్రమాదం జరిగి, అందరూ మెల్లగా వెళ్లాలని పసుపు జెండా ఊపినప్పుడు ఇంజిన్ ఆపేసేవాళ్లూ ఉన్నారు.

ఇలా గెలిస్తే "లక్కు" అంటారు చాలామంది. నాకైతే ఆ మాట నచ్చదు. చివర్లో ఆగిపోయిన కారు టీవీలో కనబడుతుంది గానీ, 40 ల్యాప్‌ల ముందు నుంచీ పొదుపు చేసిన కాలు కనబడదు కదా.

కాకపోతే లెక్క తలకిందులయ్యే రోజూ ఉంటుంది. 2011 మేలో షార్లెట్‌లో 600 మైళ్ల రేసు. 400 ల్యాప్‌లతో అయిపోవాల్సింది, చివర్లో పసుపు జెండా వల్ల 402కి సాగింది. ముందున్న డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్‌కి ఆఖరి ల్యాప్‌లో, గీత దాకా రాకుండానే పెట్రోల్ అయిపోయింది. కెవిన్ హార్విక్ గెలిచాడు, జూనియర్ ఏడో స్థానం. విచిత్రం ఏంటంటే, అంతకుముందు జూనియర్ గెలిచిన రేసు, 2008 మిషిగన్, పెట్రోల్ పొదుపుతో గెలిచిందే.

[తెర మీద: 2010, 2011 రేసులు పక్కపక్కన]

మళ్లీ న్యూ హాంప్‌షైర్‌కి వద్దాం. 2010 సెప్టెంబర్: ముందున్న టోనీ స్టీవార్ట్‌కి చివరి ల్యాప్ దగ్గర ట్యాంకు ఖాళీ, క్లింట్ బోయర్ గెలుపు. 2011 సెప్టెంబర్: ముందున్న బోయర్‌కి 2 ల్యాప్‌లు ఉండగా ఖాళీ, స్టీవార్ట్ గెలుపు!

ఆ సీజన్ ఆఖర్న స్టీవార్ట్‌కి 2,403 పాయింట్లు, కార్ల్ ఎడ్వర్డ్స్‌కీ 2,403. టై అయితే ఎక్కువ రేసులు గెలిచినవాడిదే టైటిల్ అని అప్పటి రూల్. స్టీవార్ట్‌వి 5, ఎడ్వర్డ్స్‌ది 1. ఆ అయిదింటిలో మొదటి రెండూ, చికాగోల్యాండ్, న్యూ హాంప్‌షైర్, ట్యాంకులో పెట్రోల్ మిగుల్చుకుని గెలిచినవే.